సేఫ్టీ ఆఫీసర్ పని ఎలా చేయాలి: చేరిన రోజు నుంచి ప్రమాద విచారణ దాకా

చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు ఫ్యాక్టరీల్లోనూ, పాత మహాబలిపురం రోడ్డు వెంట లేస్తున్న భవనాల దగ్గరా సేఫ్టీ ఆఫీసర్లుగా చేరుతున్న తెలుగువారు పదే పదే అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "కోర్సులో సెక్షన్లు చెప్పారు, ఫారాలు చూపించారు. సైటులో దిగిన తరువాత ముందు ఏ పని, తరువాత ఏ పని?" అన్నది ఆ ప్రశ్న. ఈ వ్యాసంలో ఆ వరుసను చెబుతాను. ఉదాహరణలు చెన్నైవి, అందులోనూ ఎక్కువ భాగం నిర్మాణ పనులవి. ఫ్యాక్టరీలో పనిచేసేవారు యంత్రాల పేర్లు మార్చుకుంటే వరుస అదే సరిపోతుంది.

1. మీ అధికారం ఎంతవరకో ముందే తేల్చుకోండి

చట్టం దృష్టిలో సేఫ్టీ ఆఫీసర్ సలహాదారు. యంత్రానికి గార్డు (చేయి తగలకుండా కప్పే రక్షణ) బిగించవలసినదీ, పరంజా సరిగ్గా కట్టించవలసినదీ యజమాని, ఆయన తరఫున పని నడిపించే ఇంజనీరు, సూపర్‌వైజరు. వారు ఆ బాధ్యత నెరవేర్చేలా సలహా ఇవ్వడం, నెరవేర్చారో లేదో స్వయంగా చూడడం, నెరవేర్చకపోతే సరైన వ్యక్తికి రాతపూర్వకంగా తెలియజేయడం మీ పని. ఈ తేడా తెలియని ఆఫీసర్ హెల్మెట్ లేనివారిని అదిలించుకుంటూ రోజంతా తిరుగుతాడు. సూపర్‌వైజరు మాత్రం "భద్రత మా పని కాదు, దానికి వేరే మనిషి ఉన్నాడు" అని నిశ్చింతగా ఉంటాడు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 40-బి సెక్షన్ సాధారణంగా 1000 మంది లేదా అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను తగ్గించింది. దాని ప్రకారం ఫ్యాక్టరీలో 500 మంది, ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలో 250 మంది, భవన నిర్మాణంలో 250 మంది, గనిలో 100 మంది ఉంటే ఈ పదవి తప్పనిసరి. రాష్ట్ర నిబంధనలు ఏ రూపంలో ఉన్నాయో తమిళనాడు పారిశ్రామిక భద్రత, ఆరోగ్య సంచాలకాలయం దగ్గర చూసుకోవాలి. అందరూ దాన్ని "డిష్" అనే పిలుస్తారు.

నియామక పత్రం చేతికి రాగానే ఈ కింది విషయాలు అందులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే చేరిన వారంలోనే ఈమెయిలు రాసి అడగండి.

- మీరు నేరుగా ఫ్యాక్టరీ అధిపతికి లేదా ప్రాజెక్టు అధిపతికి జవాబుదారీగా ఉంటారని రాసి ఉండాలి. మీరు ఎవరి పనిని తనిఖీ చేయాలో ఆ ఇంజనీరు కిందే మిమ్మల్ని పెడితే తనిఖీకి విలువ ఉండదు.
- ప్రాణాపాయం కనిపించినప్పుడు పని ఆపించే అధికారం ఉండాలి, దాన్ని తిరిగి మొదలుపెట్టే అనుమతి ఎవరిదో కూడా తెలియాలి.
- మీ విధులకు అడ్డువచ్చే వేరే పనులు అప్పగించకూడదు. పాత ఫ్యాక్టరీల చట్టం కింద రాష్ట్రాల కోసం రాసిన నమూనా నిబంధనలు ఈ మాటను స్పష్టంగానే చెబుతున్నాయి.
- రక్షణ సాధనాల కొనుగోలులో మీ అభిప్రాయం తీసుకోవాలి.

మూడవ అంశాన్ని తేలికగా తీసుకోకండి. నేను చేరిన మొదటి సైటులో గేటు పాసులు రాసే పని కూడా నాకే అంటగట్టారు. ఉదయం ఎనిమిది నుంచి పది దాకా గేటు దగ్గర కూర్చునేవాణ్ణి. సరిగ్గా ఆ రెండు గంటల్లోనే మనుషులు పరంజా ఎక్కేవారు, క్రేను మొదటి బరువు లేపేది. అంటే చూడవలసిన సమయంలో నేను అక్కడ లేను.

2. అర్హత గురించి ఒక్క మాట

నమూనా నిబంధనలు మూడు విషయాలు అడుగుతాయి: ఇంజనీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా వంటి చదువుతో పాటు పర్యవేక్షణలో అనుభవం, రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిగ్రీ లేదా డిప్లొమా, అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాషలో తగినంత పరిజ్ఞానం. చెన్నైలో తరమణి ప్రాంతీయ కార్మిక సంస్థ ఇలాంటి డిప్లొమాను నడుపుతోంది. విదేశీ సర్టిఫికెట్లు విషయ జ్ఞానానికి పనికొస్తాయి గాని, చట్టప్రకారం నియమించే సేఫ్టీ ఆఫీసర్ పదవికి రాష్ట్రం గుర్తించిన అర్హతే కావాలి. కొన్ని వారాల కోర్సుకు ఫీజు కట్టే ముందు ఆ గుర్తింపు కాగితాన్ని చూపించమని అడగండి.

3. మొదటి వారం: ఫైలు కంటే ముందు నడక

మొదటి రెండు రోజులు ఫైలు ముట్టుకోవద్దు. సైటు పటం ఒకటి మడిచి జేబులో పెట్టుకుని, సరుకు వచ్చే దారి వెంట నడవండి: లారీ ఎక్కడ ఆగుతుంది, ఇనుము ఎక్కడ దించుతారు, ఎక్కడ కోస్తారు, ఎలా పైకి చేరుస్తారు, చివరికి ఎవరి చేతిలో పడుతుంది. మనుషులు నడిచే దారీ వాహనాలు నడిచే దారీ కలిసే ప్రతిచోటా పటం మీద గుర్తు పెట్టండి. అదే నడకను రాత్రి షిఫ్టులో ఒకసారి, భోజన విరామం ముగిసిన వెంటనే ఒకసారి చేస్తే పగలు కనపడనివి కనిపిస్తాయి.

మూడవ రోజు నుంచి కాగితాలు చూడండి. క్రేను, లిఫ్టు, గొలుసులు, స్లింగులు (బరువుకు చుట్టి ఎత్తే తాళ్లు), ప్రెషర్ వెసెళ్ల పరీక్ష ధ్రువపత్రాలు, వాటి గడువు తేదీలు. గత ప్రమాదాల రిజిస్టరు. ప్రథమ చికిత్స పెట్టెలు, శిక్షణ పొందినవారి పేర్లు. అగ్నిమాపక సాధనాల జాబితా. ధ్రువపత్రం ఉందో లేదో చూసి ఊరుకోకండి. దాని మీది సీరియల్ నంబరు, యంత్రం మీద కొట్టిన నంబరు ఒకటేనా అని వెళ్లి చూడండి. వేరే సైటు స్లింగుకు ఇచ్చిన పత్రం మీ ఫైలులో దొరకడం అరుదేమీ కాదు.

వారం చివర మీ దగ్గర ఒకే ఒక్క పేజీ ఉండాలి: ఈ సైటులో మనిషి ప్రాణం తీయగల పది విషయాలు, ప్రతిదాని ఎదుట చోటు, ఆ పని నడిపించే సూపర్‌వైజరు పేరు. మీరు ఆ తరువాత చేసే పనికంతటికీ ఈ పేజీయే పునాది.

4. అపాయాల పట్టిక తయారు చేయడం

ప్రతి పనినీ దశలుగా విడగొట్టి, ఒక్కొక్క దశలో ఏం తప్పవచ్చో రాసి, దానికి తీవ్రత, సంభావ్యత అనే రెండు అంకెలు 1 నుంచి 5 లోపు ఇచ్చి గుణించడం మామూలు పద్ధతి. అయితే కంప్యూటరు ముందు ఒంటరిగా కూర్చుని దీన్ని నింపకండి. ఆ పని రోజూ చేసే ఇద్దరు కార్మికులనూ, మేస్త్రీనీ కూర్చోబెట్టుకోండి. "ఈ పనిలో మీకు భయమేసే ఘడియ ఏది?" అని అడిగితే వారు చెప్పే మాట ఏ నమూనా పట్టికలోనూ దొరకదు.

చేతి గ్రైండరుతో ఇనుము కోసే పనిని చూద్దాం. పాత పట్టికల్లో "అపాయం: కంటిలో రవ్వ, నివారణ: కళ్లద్దాలు" అని ఒక వరుస ఉంటుంది. అది చాలదు. డిస్కు మీద రాసిన గరిష్ఠ వేగం గ్రైండరు వేగం కంటే తక్కువగా ఉంటే డిస్కు పగిలిపోతుంది. డిస్కు నడుమ లోహపు వలయం మీద గడువు తేదీ ఉంటుంది, దాటినదాన్ని వాడకూడదు. కోసే డిస్కుతో పక్కకు ఒత్తి రుద్దకూడదు. గార్డు తీసేసి పెద్ద డిస్కు బిగించడం అన్నిటికంటే పెద్ద తప్పు; అలా చేసిన గ్రైండరు కనిపిస్తే దాన్ని అప్పుడే స్టోరుకు పంపాలి.

నివారణలు రాసేటప్పుడు ఈ వరుస తప్పకండి: అపాయాన్ని పూర్తిగా తొలగించగలమా, తక్కువ అపాయమున్న పద్ధతికి మార్చగలమా, గార్డు, రెయిలింగు వంటి ఏర్పాటు చేయగలమా, పని వేళలూ అనుమతులూ మార్చగలమా, చివరగా హెల్మెట్, గ్లవ్స్, బెల్టు. మీ పట్టికలో సగానికి పైగా వరుసల్లో చివరి మెట్టు మాత్రమే కనిపిస్తుంటే పట్టికను తిరిగి రాయాలి. పైకప్పు మీద అమర్చవలసిన పైపులను నేల మీదే కలిపి క్రేనుతో ఎత్తితే ఎత్తులో చేసే పని గంటల నుంచి నిమిషాలకు తగ్గుతుంది. ఏ బెల్టూ అంత మేలు చేయదు.

5. పర్మిట్ విధానం: ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టాలి

పర్మిట్ అంటే ప్రమాదకరమైన పని మొదలుపెట్టే ముందు ఇచ్చే రాతపూర్వక అనుమతి. దాన్ని సంతకాల కాగితం అనుకుంటే అది సంతకాల కాగితంగానే మిగులుతుంది. పని చేయించే వ్యక్తి అడగాలి, ఆ స్థలానికి బాధ్యుడైన వ్యక్తి ఇవ్వాలి, మీరు షరతులు నెరవేరాయో లేదో అక్కడికి వెళ్లి సరిచూడాలి. పర్మిట్‌ను మీరే రాసి, మీరే ఇచ్చి, మీరే మూసే పద్ధతిని ఎంతమాత్రం ఒప్పుకోకండి.

*5.1 ఎత్తులో పని*

నేను ఒరగడం వైపు ఒక షెడ్డులో ఉన్నప్పుడు షీట్లు బిగించే కుర్రవాడు బెల్టు చక్కగా కట్టుకున్నాడు, కొక్కెం కూడా తగిలించాడు. తగిలించింది ఇంకా బోల్టు బిగించని పర్లిన్‌కు, అంటే షీట్లను మోసే అడ్డ ఇనుప కమ్మీకి. ఫోటో తీసి చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. అప్పటి నుంచి నేను ముందు కొక్కెం ఎక్కడ తగిలిందో చూసి, తరువాతే మనిషిని చూస్తాను.

కింద ఎంత ఖాళీ ఉండాలో లెక్క కట్టండి. తాడు పొడవు 2 మీటర్లు, షాక్ అబ్జార్బరు (పడే కుదుపును తగ్గించే మడత పట్టీ) విప్పుకుంటే గరిష్ఠంగా 1.75 మీటర్లు, ఒంటి మీది బెల్టుకు తాడు కలిసే చోటు నుంచి పాదాల దాకా సుమారు 1.5 మీటర్లు, భద్రత కోసం మరో 1 మీటరు, మొత్తం 6.25 మీటర్లు. కొక్కెం పాదాల మట్టంలో తగిలిస్తే పడే దూరం ఇంకా పెరుగుతుంది. అంటే రెండవ అంతస్తు స్లాబు అంచున ఈ సాధనం కట్టుకున్నవాడు తాడు పట్టుకునేలోపే నేలను తాకవచ్చు. అలాంటి చోట రెయిలింగు కట్టించాలి, లేదా అంచు దాకా వెళ్లనివ్వని పొట్టి తాడు ఇవ్వాలి.

పర్మిట్ ఇచ్చే ముందు చూడవలసినవి:

- పరంజా మీద ఆనాటి తనిఖీ ట్యాగు, గట్టి నేల మీద బేస్ ప్లేట్లు, ఖాళీలు లేకుండా పరిచిన పలకలు.
- పై రెయిలు, నడుమ రెయిలు, వస్తువులు జారిపడకుండా పాదం దగ్గర పలక.
- నిచ్చెన: నాలుగు వంతుల ఎత్తుకు గోడ నుంచి ఒక వంతు ఎడం, దిగే చోటు కంటే ఒక మీటరు పైకి, పై కొస కట్టి ఉండాలి.
- లిఫ్టు గుంతలు, డక్టులు, స్లాబులోని రంధ్రాలకు కదలని మూతలు. ప్లైవుడ్ ముక్క ఊరికే పరిస్తే అది ఉచ్చు అవుతుంది. ఎవరో దాన్ని ఎత్తుకుని ముందుకు నడుస్తూ గుంతలోనే అడుగు పెడతారు.
- బెల్టుకు వేలాడుతున్న మనిషిని ఎవరు, దేనితో దించుతారు? వేలాడుతున్న కొద్దీ కాళ్లలో రక్తం నిలిచిపోతుంది కనుక నిమిషాల్లో దించాలి. "ఫైర్ సర్వీసుకు ఫోన్ చేస్తాం" అన్నది జవాబు కాదు.

*5.2 మూసి ఉన్న చోట్లు*

సంపులు, మురుగు శుద్ధి ట్యాంకులు, బాయిలర్ డ్రమ్ములు, లోతైన గుంతలు ఈ కోవలోకి వస్తాయి. చెన్నైలో ఫ్యాక్టరీల్లోనే గాక అపార్టుమెంట్లలో కూడా ఇవి ఉన్నాయి. ఇక్కడ ఒకరు పడిపోతే కాపాడడానికి దిగిన రెండవ, మూడవ మనిషి కూడా చనిపోవడం తరచుగా జరిగే విషాదం. అందుకే వరుస ఒక్క అడుగు కూడా మారకూడదు.

మొదట లోపలికి వచ్చే ప్రతి పైపును మూసి, విడదీసి లేదా రంధ్రం లేని గుడ్డి పలక అడ్డం వేసి, మోటార్లకు తాళం వేయండి. రెండవది, మూతలు తెరిచి బ్లోయరుతో గాలి ఆడించండి. ఆక్సిజన్ సిలిండరు తెరిచి గాలి బాగుచేయాలని ఎవరైనా అంటే వెంటనే ఆపండి, అది నిప్పుకు ఆహ్వానం. మూడవది, గాలి పరీక్ష: ముందు ఆక్సిజన్, తరువాత మండే వాయువు, ఆపై విష వాయువులు. పైన, నడుమ, అడుగున మూడు చోట్లా చూడాలి, ఎందుకంటే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది, అడుగున పేరుకుంటుంది. కుళ్లిన గుడ్డు వాసన రావడం లేదు కనుక భయం లేదనుకోవడం పొరపాటు. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టడం మానేస్తుంది.

ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. మండే వాయువు కనిష్ఠ దహన పరిమితిలో, అంటే నిప్పు అంటుకోవడానికి గాలిలో ఉండవలసిన కనీస మోతాదులో, 10 శాతానికి లోపు ఉండాలి. ఎనిమిది గంటల సగటుకు ఫ్యాక్టరీల చట్టం రెండవ షెడ్యూలు పెట్టిన హద్దులు హైడ్రోజన్ సల్ఫైడ్‌కు 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది), కార్బన్ మోనాక్సైడ్‌కు 50 పీపీఎం. మీ సంస్థ పర్మిట్‌లో ఇంతకంటే తక్కువ హద్దు ఉంటే దాన్నే పాటించాలి. లోపల వాడే చేతి దీపం 24 వోల్టులు మించకూడదని అదే చట్టం చెప్పింది. బయట ఒక మనిషి కదలకుండా నిలబడాలి. లోపలి మనిషి బెల్టుకు కట్టిన తాడు, దాన్ని లాగే ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) సిద్ధంగా ఉండాలి. బయటివాడి పని పిలవడం, తాడు లాగడం, సాయం రప్పించడం; దిగడం మాత్రం కాదు. ఇది అతని చేత మూడుసార్లు చెప్పించండి.

*5.3 వెల్డింగ్, గ్యాస్ కటింగ్*

చుట్టూ 11 మీటర్ల లోపు మండే వస్తువులు తీసేయాలి, తీయలేనివాటి మీద నిప్పు అంటని దుప్పటి కప్పాలి. కింది అంతస్తు మరచిపోవద్దు. రవ్వలు డక్టు వెంట జారి రెండు అంతస్తుల కింద థర్మాకోల్ మీద పడతాయి. సిలిండర్లు నిలబెట్టి గొలుసు వేయాలి, రెండు గొట్టాలకూ మంట వెనక్కి పాకకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు ఉండాలి, ఆక్సిజన్ రెగ్యులేటరుకు నూనె, గ్రీజు తగలకూడదు. పని అయ్యాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. సాయంత్రం అయిదు గంటల దాకా వెల్డింగ్ చేసి అయిదుకే అందరూ గేటు దాటే సైటులో ఈ కాపలా ఎవరిదో ముందే రాసిపెట్టాలి.

*5.4 విద్యుత్తు*

రెండే విషయాలు. మొదటిది, తాళం: మరమ్మతు చేసే ప్రతి మనిషికీ తన తాళం, తన తాళంచెవి ఉండాలి, స్విచ్ ఆపాక కరెంటు ఉందో లేదో టెస్టరుతో చూసి మరీ చేయి పెట్టాలి. రెండవది, చేతి పనిముట్లకు కరెంటిచ్చే ప్రతి తాత్కాలిక బోర్డుకూ 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఉండాలి, దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. ప్లగ్గు లేకుండా వైర్లను సాకెట్లో దూర్చి అగ్గిపుల్ల గుచ్చే అలవాటు ఎక్కడ కనిపించినా కేబులును అక్కడే తీయించండి. వెంటనే ప్లగ్గు ఇప్పించే ఏర్పాటు కూడా మీ దగ్గర ఉండాలి, లేకపోతే మీరు మలుపు తిరగగానే అగ్గిపుల్ల మళ్లీ వస్తుంది.

6. ఉదయపు టూల్‌బాక్స్ టాక్: ఏ భాషలో, ఎంతసేపు

పని మొదలయ్యే ముందు కార్మికులను నిలబెట్టి భద్రత గురించి చెప్పే కొద్దిసేపటి మాటే టూల్‌బాక్స్ టాక్. చెన్నై సైటులో ఒకే వరుసలో శ్రీకాకుళం సెంట్రింగు మేస్త్రీ, బిహార్ వెల్డరు, తిరువణ్ణామలై నుంచి వచ్చిన సహాయకుడు నిలబడతారు. మీ తెలుగు మొదటివాడికి చేరుతుంది, మిగిలిన ఇద్దరూ తల ఊపుతారు. తల ఊపడం అర్థమైనట్టు కాదు.

గుంపును భాషను బట్టి విడదీసి, ఒక్కొక్క గుంపుకు ఆ భాష తెలిసిన మేస్త్రీ చేత చెప్పించండి, మీరు పక్కన నిలబడండి. ప్రాణం కాపాడే పదాలు మాత్రం మూడు భాషల్లోనూ అందరికీ రావాలి. మనం పరంజా అన్నది తమిళంలో సారం, హిందీలో పాడ్. మన ఆపద తమిళుల ఆబత్తు, హిందీవారి ఖత్రా. ఆపు, నిరుత్తు, రుకో: ఈ మూడూ ఎవరు అరిచినా అందరూ ఆగాలి.

సమయం పది నిమిషాలు మించకూడదు. విషయం ఒక్కటే, అదీ ఆనాటి పనిది. "భద్రతగా పని చేయండి" అనడం వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. "ఈరోజు మూడవ అంతస్తు తూర్పు అంచున రెయిలు తీస్తున్నాం, అటు ఎవరూ పోకూడదు" అంటే తెలుస్తుంది. చివర ఒకరిని పిలిచి తిరిగి చెప్పించండి. అప్పుడు తప్పు చెబితే అది అతని తప్పు కాదు, మీరు చెప్పిన తీరులోని తప్పు.

7. ఎండ, వాన: చెన్నైకి ప్రత్యేకమైన ఏర్పాట్లు

మే నెల కత్తిరి ఎండల్లో ఉక్కపోత వల్ల చెమట ఆరదు, అందుకే ఉష్ణోగ్రత చూపించే అంకె కంటే శరీరానికి తగిలే వేడి ఎక్కువ. ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగించాలి; నీళ్ల డ్రమ్ము గేటు దగ్గర కాకుండా పని జరిగే అంతస్తులో ఉండాలి. కొత్తగా వచ్చినవారికి మొదటి రోజు అయిదో వంతు పని మాత్రమే ఎండలో ఇచ్చి, రోజుకు అయిదో వంతు చొప్పున పెంచండి. తడబడే మాటలు, అయోమయం కనిపిస్తే వడదెబ్బగానే భావించి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పినవాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. భారీ వాన తరువాత ప్రతి పరంజానూ, ప్రతి గుంతనూ కొత్తగా చూసినట్టే మళ్లీ చూడాలి. 1.5 మీటర్లకు మించిన గుంతకు పక్కలకు ఆనుడు కట్టాలి లేదా వాలుగా తవ్వాలి. తవ్విన మట్టిని అంచు నుంచి కనీసం 1.5 మీటర్లు లేదా గుంత లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం పోయాలి. తుపాను హెచ్చరిక వస్తే వదులు షీట్లు కట్టించడం, విద్యుత్ బోర్డులు ఎత్తున పెట్టించడం, క్రేను తయారీదారు చెప్పిన పద్ధతిలో నిలిపివేయడం ముందురోజే ముగియాలి.

8. తనిఖీలో చూసినదాన్ని రాయడం

రాత సరిగ్గా లేకపోతే చూసిన శ్రమ వృథా. "హౌస్‌కీపింగ్ బాగా లేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయరు. "బి బ్లాకు రెండవ అంతస్తు మెట్ల మీద మేకులున్న షట్టరింగు పలకలు, మనుషులు దిగే దారి. షట్టరింగు సూపర్‌వైజరు ఈ మధ్యాహ్నం రెండు గంటలకల్లా తీయించాలి" అని రాస్తే పని జరుగుతుంది. ప్రతి వరుసలో చోటు, లోపం, దానివల్ల కలిగే హాని, బాధ్యుడు, గడువు ఉండాలి. గడువు రోజున వెళ్లి చూసి ఫోటోతో మూయాలి. ఫోన్‌లో "అయిపోయింది సార్" అన్న మాట మీద మూయకూడదు.

ఒకే లోపం మూడుసార్లు వస్తే నాలుగోసారి దాన్ని అదే పట్టికలో రాయకండి. అది ఇప్పుడు మేనేజరు పరిష్కరించవలసిన విషయం. విడిగా లేఖ రాసి, భద్రతా కమిటీలో పెట్టండి. ఆ కమిటీలో కార్మిక ప్రతినిధులకు మొదట మాట్లాడే అవకాశమిస్తే చాలు, సమావేశం టీ, బిస్కెట్లతో ముగిసిపోదు.

జరిమానాల గురించి నా అభిప్రాయం అడుగుతుంటారు. కార్మికుడి కూలిలో కోత వేస్తే హెల్మెట్లు పెరుగుతాయేమో గాని, తృటిలో తప్పిన ప్రమాదాల కబురు మీ చెవిన పడడం ఆగిపోతుంది. నేను ఆ బేరానికి ఒప్పుకోను.

9. ప్రమాదం జరిగినప్పుడు

మొదటి గంటలో వరుస ఇది:

1. కరెంటు, యంత్రం, బరువు: రెండవ మనిషికి హాని చేసేదాన్ని ముందు ఆపండి.
2. ప్రథమ చికిత్స మొదలుపెట్టి 108కి ఫోన్ చేయండి. గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి అంబులెన్సుకు లోపలికి దారి చూపించండి. ఎత్తు నుంచి పడినవాణ్ణి చేతులూ కాళ్లూ పట్టుకుని ఎత్తకండి, వెన్నెముక దెబ్బతింటుంది.
3. తోడుగా అతని భాష తెలిసిన మనిషిని ఆసుపత్రికి పంపి, ఇంటివారికి మర్యాదగా కబురు చేయించండి.
4. ఆ చోటును కట్టడి చేసి, ఫోటోలు తీసి, కొలతలు రాసుకోండి. వస్తువులను కదపనివ్వకండి, రక్తం కడిగించకండి.
5. మేనేజరుకు తెలిపి, చట్టపరమైన నోటీసు పంపించండి. మరణం గాని, 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేని గాయం గాని అయితే నోటీసు తప్పదు. ఈఎస్ఐ వర్తించే కార్మికుడికి ప్రమాద నివేదిక (ఫారం 12) వేరుగా వెళ్లాలి; అది ఆలస్యమైతే ఇబ్బంది పడేది గాయపడిన కుటుంబమే.

విచారణలో సాక్షులను విడివిడిగా, అదే రోజు, వారి భాషలో అడగండి. "ఎందుకలా చేశావు?" అని మొదలుపెడితే జవాబు రక్షణ కోసమే వస్తుంది. "పొద్దుటి నుంచి ఏం జరిగిందో చెప్పు" అనండి.

కారణం రాసేచోట "కార్మికుడి అజాగ్రత్త" అన్న మాట వస్తే విచారణ సగంలో ఆగిందని గుర్తు. ఒక ఉదాహరణ: ప్రెస్సు కింద వేలు నలిగింది. ఎందుకు? చేయి లోపల పెట్టాడు. ఎందుకు? ముక్క ఇరుక్కుంది. తీసే పనిముట్టు ఎందుకు వాడలేదు? అది విరిగి రెండు వారాలైంది. ఎందుకు మార్చలేదు? స్టోరులో అడిగినా కొనుగోలు ఆగింది. గార్డు ఉన్నా ప్రెస్సు ఎలా కదిలింది? గార్డు తెరిస్తే యంత్రాన్ని ఆపే ఇంటర్‌లాక్‌ను షిఫ్టు లక్ష్యం కోసం తప్పించారు. ఇప్పుడు సరిచేయవలసిన పనులు మూడు కనిపిస్తున్నాయి, ఆ మూడింటిలో ఒక్కటీ ఆ కార్మికుడిది కాదు.

10. నెలవారీ లెక్కలు

భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం ప్రమాదాల తరచుదనం రేటు అంటే పనిదినాలు పోగొట్టిన గాయాల సంఖ్యను 10,00,000తో గుణించి, పనిచేసిన మొత్తం గంటలతో భాగించడం. 400 మంది, రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు, 12 నెలలు: 9,98,400 గంటలు. ఏడాదిలో మూడు గాయాలైతే రేటు సుమారు 3. తీవ్రత రేటులో గాయాల స్థానంలో పోయిన పనిదినాలు వస్తాయి. ఒక మరణానికి 6000 దినాలు లెక్క.

అమెరికా పద్ధతిలో 10,00,000 బదులు 2,00,000 వాడతారు, ఆ లెక్కలో ఇదే సైటు రేటు 0.6 అవుతుంది. విదేశీ కంపెనీ ప్రాజెక్టులో పనిచేసేటప్పుడు ఏ పద్ధతో రాయకుండా అంకె పంపితే, మీ సైటు ఉన్నట్టుండి అయిదు రెట్లు బాగుపడినట్టో చెడిపోయినట్టో కనిపిస్తుంది. కాంట్రాక్టు కార్మికుల గంటలు కలిపి, వారి గాయాలు వదిలేయడం మరో పొరపాటు. దాన్ని పొరపాటు అనడం కూడా మర్యాదకే.

11. సాయంత్రం గేటు దాటే ముందు

- ఇచ్చిన పర్మిట్లన్నీ తిరిగి వచ్చాయా? రాని పర్మిట్ అంటే ఇంకా లోపల మనిషి ఉన్నాడేమోనని అర్థం, వెళ్లి చూడాలి.
- మూసి ఉన్న చోటుకు దిగినవారి సంఖ్య, బయటికి వచ్చినవారి సంఖ్య ఒకటేనా?
- వేసిన తాళాలు వేసినవారే తీశారా?
- వెల్డింగు కాపలా మనిషి ఎవరు, ఎప్పటిదాకా?
- గుంతల చుట్టూ కంచె, రాత్రి దీపాలు వెలుగుతున్నాయా?
- రాత్రి షిఫ్టు సూపర్‌వైజరుకు మీరు చెప్పవలసిన విషయం ఏదైనా ఉందా? నోటితో చెప్పి, రిజిస్టరులో రాసి, అతని సంతకం తీసుకోండి.
- రేపటి టూల్‌బాక్స్ టాక్ విషయం రేపటి పని పట్టిక చూసి ఇప్పుడే నిర్ణయించండి.